పునాది సరే, కాపలా ఎవరిది?

చెత్త పూడ్చిన నేల మీద బిల్డింగులు కట్టొచ్చా అని నన్ను తరచుగా అడుగుతుంటారు. నా వృత్తి మట్టి పరీక్షలు చేయడం. ఏ నేల ఎంత బరువు మోస్తుందో, పునాది ఎంత లోతుకు దించాలో చెప్పడం. కాబట్టి సూటిగానే జవాబు చెబుతాను. కట్టొచ్చు. పదంతస్తులైనా నిలబెట్టొచ్చు. ఆ విద్య ఎప్పటినుంచో ఉంది. నన్ను తొలిచే ప్రశ్న ఇంకొకటి. ఫ్లాట్లన్నీ అమ్ముడుపోయి, తాళాలు చేతికిచ్చి బిల్డరు వెళ్లిపోయాక, ఆ నేలను ముప్పై నలభై ఏళ్లు కనిపెట్టుకుని ఉండేది ఎవరు? ఫలానా వాళ్లు అని పేరు పెట్టి చెప్పలేని చోట ఇళ్లు కట్టకూడదని నా గట్టి అభిప్రాయం.

ఈ స్థలాల మీద అందరి కళ్లూ ఎందుకు పడతాయో తెలిసిందే. ఊరి బయట ఎక్కడో చెత్త పోయడం మొదలవుతుంది. ఊరు పెరుగుతుంది. కొన్నేళ్లు తిరిగేసరికి ఆ దిబ్బ నడిబొడ్డున ఉంటుంది, చుట్టూ రోడ్లు, కరెంటు, నీళ్లు అన్నీ వచ్చేసి ఉంటాయి. దాన్ని అలాగే వదిలేయడం కూడా తప్పే. వానకు దాంట్లోంచి కారే నల్లటి ఊట బావుల్లోకీ బోర్లలోకీ చేరుతుంది. ఎండలకు అంటుకుంటే రోజుల తరబడి పొగ. ఆ పొగ పీల్చేది ఎక్కువగా ఇంకెక్కడా ఇల్లు దొరకని పేదవాళ్లు. అక్కడ ఏదో ఒకటి చేయాలి అనే వాదనతో నాకు పేచీ లేదు. పచ్చటి పొలాన్నో చెరువునో మింగే బదులు పాడైన నేలను మళ్లీ వాడుకోవడం మంచిదే. ఏం కట్టాలి, అది ఎవరి పేరు మీద ఉండాలి అన్న దగ్గరే నా గొడవంతా.

ముందు లోపల ఏముంటుందో చెబుతాను. మేం బోరు వేసి, 63.5 కిలోల సుత్తిని సుమారు 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పదే పదే వదులుతూ ఒక ఉక్కు గొట్టాన్ని నేలలోకి దించుతాం. ముప్పై సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని దెబ్బలు పట్టాయన్నదే నేల గట్టిదనానికి లెక్క. మామూలు నేలలో లోతుకు వెళ్లేకొద్దీ ఈ అంకె చాలావరకు ఒక వరసలో పెరుగుతుంది. చెత్త పూడ్చిన చోట వరసా వావీ ఉండదు. రెండు దెబ్బలకే గొట్టం జారిపోతుంది. మీటరు కింద యాభై దెబ్బలు కొట్టినా కదలదు, అక్కడ పాత స్లాబు ముక్క అడ్డం పడి ఉంటుంది. దాని కింద మళ్లీ మెత్తన. పైకి తీసిన గొట్టాన్ని రెండు చెక్కలుగా విప్పితే నల్లటి ముద్ద, అందులో గుడ్డ పీలికలు, నలిగిన కవర్లు. ఒకసారి అలా వచ్చిన కవరును తుడిచి చూస్తే దాని మీది అక్షరాలు నిన్ననే అచ్చేసినట్టున్నాయి. ప్లాస్టిక్ కదా, ఉంటుందిలే అనుకోవచ్చు. దాన్ని అంటుకుని ఉన్న కాగితం కూడా కాగితంలాగే ఉంది.

విలియం రాత్జే అనే పురావస్తు శాస్త్రవేత్త 1973లో అరిజోనా విశ్వవిద్యాలయంలో గార్బేజ్ ప్రాజెక్టు మొదలుపెట్టాడు. 1980ల చివరి నుంచి చెత్త గుట్టలను కూడా పాత నాగరికతలను తవ్వినట్టే తవ్వించాడు. దశాబ్దాల కిందట పూడ్చిన వార్తాపత్రికలు హాయిగా చదువుకునేలా బయటపడ్డాయి. ఎప్పుడో కుళ్లిపోయి ఉంటాయనుకున్న తిండి పదార్థాలు ఇది ఫలానా అని గుర్తుపట్టేలా దొరికాయి. గాలి ఆడక, తేమ కూడా చాలని చోట చెత్త కుళ్లడం దాదాపు ఆగిపోతుంది. 'ముప్పై ఏళ్ల కిందటి డంపు అండీ, ఎప్పుడో మట్టయిపోయింది' అనే మాట నేను సైటుకు వెళ్లినప్పుడల్లా వింటాను. చాలాచోట్ల అది మట్టి కాలేదు. నీళ్లు అందక ఆగింది. పైన ఇళ్లు వచ్చి, తోటలకు నీళ్లు పెట్టి, ఎక్కడో డ్రైనేజీ పైపు పగిలి ఆ తేమ కిందికి దిగితే ఆగిన పని మళ్లీ మొదలవుతుంది.

ఆ పనిలో పుట్టేది గ్యాసు. అందులో ఇంచుమించు సగం మీథేన్, మిగతాది చాలావరకు కార్బన్ డయాక్సైడ్. మీథేన్‌కు రంగు లేదు, వాసన లేదు. డంపింగ్ యార్డు దగ్గర ముక్కు మూసుకునేలా చేసేవి వేరే వాయువులు. మట్టిలోంచి వచ్చే దారిలో అవి వడకట్టుకుపోయి మీథేన్ మాత్రమే ఇంట్లోకి రావచ్చు. గాలిలో దాని వాటా 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే ఒక్క నిప్పురవ్వ చాలు. అంతకంటే ఎక్కువైతే మండటానికి ఆక్సిజన్ చాలదు, తక్కువైతే మంట పాకదు. అయితే నేలలో 50 శాతంగా ఉన్న గ్యాసు ఒక గదిలోకి చొరబడి గాలిలో కలిసేటప్పుడు ఎక్కడో ఒకచోట ఆ 15కూ 5కూ మధ్య ఉండక తప్పదు. మెట్ల కింద అర, లిఫ్టు గుంత, మీటర్ల గది లాంటి గాలి ఆడని చోట్ల అది గంటల తరబడి అలాగే నిలిచిపోతుంది. లైటు స్విచ్చి వేసినా రవ్వ పుడుతుంది.

ఇంగ్లండ్‌లోని డెర్బీషైర్‌లో లాస్కో అనే ఊరు ఉంది. 1986 మార్చి 24 ఉదయం అక్కడ ఒక చిన్న ఇల్లు పేలి నేలమట్టమైంది. లోపలున్న ముగ్గురూ తీవ్రంగా గాయపడ్డారు, ప్రాణాలైతే దక్కాయి. ఆ ఇల్లు చెత్త మీద కట్టింది కాదు. దగ్గర్లోని పాత క్వారీ గుంతలో చెత్త పూడ్చారు. గ్యాసు రాతి పొరల గుండా దారి చేసుకుని ఆ ఇంటి కిందికి చేరింది. సరిగ్గా ఆ ఉదయమే ఎందుకంటే, అంతకు ముందు ఏడు గంటల్లో వాతావరణ పీడనం 29 మిల్లీబార్లు పడిపోయింది. పైనుంచి గాలి ఒత్తిడి తగ్గేసరికి నేలలోని గ్యాసు పైకి తన్నుకొచ్చింది. దానికి చాలా ముందే, 1969 సెప్టెంబరులో, అమెరికాలోని విన్‌స్టన్-సేలంలో నేషనల్ గార్డ్ అనే సైనిక దళం భవనంలోకి పక్కనున్న ల్యాండ్‌ఫిల్ (చెత్త పూడ్చిన చోటు) గ్యాసు చేరి పేలింది. ముగ్గురు చనిపోయారు.

రెండు చోట్లా భవనం చెత్త పక్కన ఉంది, మీద లేదు. ఈ సంగతి పర్మిషన్లు ఇచ్చేవాళ్లకు ఎంత చెప్పినా ఎక్కదు. గ్యాసుకు కాంపౌండు గోడ తెలియదు. పైగా కొత్త ప్రాజెక్టు వచ్చి నేలంతా కాంక్రీటూ తారూ పరిస్తే, ఇన్నాళ్లూ పైకి మెల్లగా పోతున్న గ్యాసుకు ఆ దారి మూసుకుపోతుంది. అది పక్కకు తిరుగుతుంది. కొత్త అపార్ట్‌మెంటులో రక్షణ పరికరాలన్నీ ఉంటాయి, ప్రమాదం వెనక వీధిలోని పాత ఇళ్లకు పోతుంది. ఆ వీధివాళ్లను పిలిచి మాట్లాడిన ప్రాజెక్టును నేను ఇంతవరకు చూడలేదు. ఇంకో మాట. వాతావరణం నిలకడగా ఉన్న రోజున ఒక్కసారి మీటరు పెట్టి 'సున్నా' అని రాసుకొచ్చే రిపోర్టుకు విలువ లేదు. నెలల తరబడి, పీడనం పడిపోయే రోజులతో సహా, కొలవాల్సిందే.

ఇక కుంగడం. పూడ్చిన చెత్త తన మందంలో 10 నుంచి 30 శాతం దాకా దిగిపోవచ్చు. పది మీటర్ల పొర అంటే ఒకటి నుంచి మూడు మీటర్లు, అదీ ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ. కింద గట్టి నేల దాకా పైల్స్, అంటే పొడవాటి పునాది స్తంభాలు, దించితే భవనం కదలదు, చుట్టూ నేల మాత్రం దిగుతూనే ఉంటుంది. దిగే చెత్త పైల్స్‌ను పట్టుకుని కిందికి లాగుతుంది. ఆ అదనపు బరువు డిజైన్‌లో లెక్క కట్టగలం. అసలు నష్టం భవనమూ నేలా కలిసే అంచు దగ్గర జరుగుతుంది. నేను చూసిన ఒక బిల్డింగులో గుమ్మం ముందు పాత మెట్ల కింద కొత్తగా రెండు మెట్లు కట్టుకున్నారు, నేల అంత దిగింది. ప్లింతు కింద చెయ్యి పట్టేంత సందు. టార్చి వేసి చూస్తే స్లాబు అడుగు కింద అంతా ఖాళీ. డ్రైనేజీ పైపు స్లాబుకు అతుక్కున్న సగం అలాగే ఉంది, మట్టిలో ఉన్న సగం కిందికి పోయింది. జాయింటు ఊడి మురుగంతా ఆ ఖాళీలోకే పడుతోంది. పైపు చుట్టూ గ్యాసును ఆపడానికి వేసిన షీటు చిరిగి వేలాడుతోంది. గోడలకు మాత్రం ఒక్క పగులు లేదు. పగులు లేదు కాబట్టి బిల్డింగు భేషుగ్గా ఉందని అక్కడివాళ్ల నమ్మకం.

పైల్స్‌తో ఇంకో ఇబ్బంది కూడా ఉంది. చెత్త అడుగున బంకమట్టి పొర ఉంటే, లీచెట్‌ను, అంటే ఆ నల్లటి ఊటను, భూగర్భ జలాల్లో కలవకుండా ఆపుతున్నది అదే. పైల్స్ దించేటప్పుడు దాన్నే పొడుచుకుంటూ పోతాం.

పరిష్కారాలు లేక కాదు. స్లాబు కింద కంకర పొర, అందులో చిల్లుల పైపులు, ఆ పైన గ్యాసును ఆపే మందపాటి షీటు (మెంబ్రేన్), గ్యాసును టెర్రస్ దాటించే గొట్టాలు. గ్యాసు ఎక్కువైతే ఫ్యాన్లు పెట్టి లాగడం. కింది గదుల్లో సెన్సార్లు. అమెరికా ఫెడరల్ నిబంధనల్లో ల్యాండ్‌ఫిల్ ఆవరణలోని కట్టడాల్లో మీథేన్ గాలిలో 1.25 శాతం దాటకూడదని ఉంది, పేలుడు హద్దు మొదలయ్యే చోటుకు అది నాలుగో వంతు. ఇవన్నీ బాగా పనిచేస్తాయి. నేనే కొన్నిచోట్ల పెట్టమని రాసిచ్చాను.

కానీ వీటిలో కట్టి వదిలేసేది ఒక్కటీ లేదు. సెన్సారును ఎప్పటికప్పుడు సరిచూడాలి. ఫ్యాన్‌కు కరెంటు కావాలి. ఎవరో ప్లంబరు కొత్త పైపు కోసం స్లాబుకు చిల్లు పెడితే మెంబ్రేన్ పని అక్కడితో అయిపోయినట్టే. ఒకచోట గ్యాసు బయటికి పోవాల్సిన గొట్టాల మూతుల్లో గోనె కుక్కి సిమెంటు పూసేశారు, వాటిలోంచి దోమలు వస్తున్నాయని. అవి దేనికున్నాయో అక్కడ కాపురముండేవాళ్లలో నాతో మాట్లాడిన ఒక్కరికీ తెలియదు. వాళ్లను నేను తప్పు పట్టను. ఇల్లు కొన్నప్పుడు వాళ్లకు ఎవరూ చెప్పలేదు. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ అంటే పగలంతా పనులు చేసుకుని సాయంత్రం మీటింగులో కూర్చునే మామూలు మనుషులు. లిఫ్టు రిపేరుకు డబ్బులు వసూలు కావడమే గగనం. ఎప్పుడూ మోగని సెన్సారుకు, ఏం చేస్తుందో తెలియని ఫ్యాన్‌కు నెలనెలా కట్టమంటే ఏదో ఒక ఏడు ఎవరో ఒకరు 'ఇదెందుకు దండగ' అంటారు. అది సరిగ్గా పనిచేసినన్నాళ్లూ ఏమీ జరగదు, ఏమీ జరగలేదు కాబట్టి అనవసరమని తోస్తుంది. నా టెన్షన్ అంతా దీని గురించే. ఇంజినీరింగ్ మొదటి రోజు భద్రతను ఇవ్వగలదు. పాతికో ఏట భద్రతను ఇచ్చేది మనిషి, అతని జీతం, అతను తిప్పి చూసుకునే ఒక రిజిస్టరు.

బాధ్యత చేతులు మారితే ఏమవుతుందో లవ్ కెనాల్ కంటే స్పష్టంగా చెప్పే ఉదంతం నాకు తెలియదు. అమెరికాలోని నయాగరా ఫాల్స్ నగరంలో, తవ్వడం మొదలుపెట్టి మధ్యలో వదిలేసిన ఒక కాలువలో హుకర్ కెమికల్ కంపెనీ 1942 నుంచి 1953 దాకా సుమారు 21,000 టన్నుల రసాయన వ్యర్థాలు పూడ్చింది. 1953లో ఆ స్థలాన్ని స్కూల్ బోర్డుకు ఒక్క డాలరుకు రాసిచ్చింది. కింద రసాయనాలున్నాయనీ, ఇకపై ఏం జరిగినా తమ పూచీ లేదనీ దస్తావేజులో రాయించుకుంది. బడి కట్టారు, 1955లో పిల్లలు వచ్చారు. చుట్టూ ఇళ్లు లేచాయి. రోడ్ల కోసం, మురుగు కాలువల కోసం తవ్వినప్పుడు పైనున్న మట్టి కప్పూ, గట్లూ తెగాయి. 1970ల్లో వానలూ మంచూ ఎక్కువై ఆ ఊట సెల్లార్లలోకీ పెరళ్లలోకీ పొంగింది. లోయిస్ గిబ్స్ అనే ఒక తల్లి ఇంటింటికీ తిరిగి పోరాటం నడిపింది. 1978 ఆగస్టులో అధ్యక్షుడు కార్టర్ అక్కడ అత్యవసర పరిస్థితి ప్రకటించాడు. 1980లో కలుషిత స్థలాలను శుభ్రం చేయించే సూపర్‌ఫండ్ చట్టం రావడానికి ముఖ్య కారణాల్లో ఇదొకటి.

నేను ఇందులో మళ్లీ మళ్లీ చూసేది ఆ దస్తావేజును. నిజం దాచలేదు, కాగితం మీద ఉంది. ఆ కాగితం తర్వాత ఇల్లు కొన్న కుటుంబం దాకా రాలేదు, అంతే. అది రసాయనాల గుంత, మామూలు చెత్త వేరు అంటారేమో. పాత డంపులో ఎవరు ఏం తెచ్చి పోశారో రాసిపెట్టిన లెక్క ఎక్కడైనా ఉంటుందా? నెదర్లాండ్స్‌లోని లెక్కర్‌కర్క్‌లో ఇళ్ల స్థలం ఎత్తు చేయడానికి వాడిన చెత్తలో రసాయనాల పీపాలు బయటపడ్డాయి. 1980లో రెండు వందలకు పైగా కుటుంబాలను అక్కడినుంచి లేపాల్సి వచ్చింది.

ఇళ్లే కావాలంటే ఒక నిజాయితీ గల దారి ఉంది. మొత్తం తవ్వి తీసేయడం. పాత చెత్తను పొరలు పొరలుగా తీసి, ఆరబెట్టి, జల్లెడ పట్టి, ప్లాస్టిక్కూ గుడ్డలూ ఒకవైపు, రాళ్లు ఒకవైపు, సన్నటి మట్టి ఒకవైపు విడదీస్తారు. దీన్నే బయోమైనింగ్ అంటున్నారు. అడుగు నేల బయటపడ్డాక దాన్నీ, భూగర్భ జలాలనూ పరీక్షించి బాగున్నాయంటే అది మళ్లీ మామూలు స్థలమే. ఖర్చూ కాలమూ ఎక్కువ. తవ్వకంలోనే ప్రమాదం కూడా ఉంది. ఇంగ్లండ్‌లోని కోర్బీలో మూతపడిన ఉక్కు కర్మాగారం స్థలాలను బాగుచేస్తూ కలుషిత బురదను లారీల్లో ఊరి మధ్య నుంచి తరలించారు. చేతులూ కాళ్లూ సరిగా ఏర్పడకుండా పుట్టిన పిల్లల కుటుంబాలు కోర్టుకెక్కితే, 2009లో హైకోర్టు స్థానిక కౌన్సిల్‌ది నిర్లక్ష్యమని తేల్చింది. కాబట్టి తవ్వేటప్పుడు తడపడం, కప్పడం, చుట్టుపక్కల గాలిని కొలవడం తప్పనిసరి. ఇక ఆ జల్లెడ కిందికి దిగిన సన్నటి మట్టి ఎక్కడికి పోతుందన్నది నాకు అన్నిటికంటే ముఖ్యం. అందులో భార లోహాలు ఉండొచ్చు, ప్లాస్టిక్ తునకలైతే ఉంటాయి. దాన్ని చవగ్గా ఇచ్చేసి ఎవరో ఒకరి పల్లపు స్థలం పూడిస్తే, పేరూ మ్యాపూ లేని కొత్త డంపు ఒకటి పుట్టినట్టే. ఆ నేల మీద ఇల్లు కొనేవాడికి అనుమానం కూడా రాదు.

'మిగతా దేశాల్లో కట్టలేదా' అని అడిగేవాళ్లు ఎక్కువగా సియోల్‌లోని నాంజిడో పేరు చెబుతారు. అక్కడేం చేశారో దగ్గరగా చూడాలి. 1978 నుంచి 1993 దాకా సుమారు 9.2 కోట్ల టన్నుల చెత్త పోసిన ఆ గుట్టల మీద పార్కులు వేశారు, 2002 ప్రపంచ కప్ ఫుట్‌బాల్ నాటికి తెరిచారు. గ్యాసును బావుల ద్వారా లాగి వేడికి వాడుకున్నారు. స్టేడియం, ఇళ్లు, ఆఫీసులు గుట్టల మీద రాలేదు, పక్కన వచ్చాయి. న్యూయార్క్‌లోని ఫ్రెష్ కిల్స్ ల్యాండ్‌ఫిల్ 1948లో మొదలై 2001లో మూతపడింది. 2,200 ఎకరాలు. అంత భూమి కొరత ఉన్న నగరం కూడా అక్కడ ఫ్లాట్లు వేయలేదు, విడతలు విడతలుగా పార్కు చేస్తోంది. కాలిఫోర్నియాలోని మౌంటెన్ వ్యూలో పాత ల్యాండ్‌ఫిల్ మీద 1986లో షోర్‌లైన్ ఆంఫీథియేటర్ అనే కచేరీల వేదిక తెరిస్తే, మొదటి సీజన్‌లోనే పచ్చిక మీద కూర్చున్నవాళ్లు లైటర్ వెలిగించినప్పుడు నేలలోంచి వచ్చే మీథేన్ అంటుకుంది. పచ్చిక తీసి, అడ్డుపొర వేసి, గ్యాసు లాగే ఏర్పాట్లు చేశారు. అది ఆరుబయట కాబట్టి, బాగుచేయమని పట్టుకోవడానికి ఒక నిర్వాహకుడు ఉన్నాడు కాబట్టి అంతటితో పోయింది. అదే గ్యాసు వందమంది వేర్వేరు యజమానుల పడకగదుల కింద ఉంటే ఎవర్ని పట్టుకుంటాం?

అందుకే అంటున్నాను, చెత్త లోపలే ఉంచి పైన ఏదైనా కట్టదలిస్తే ఆ నేలకు ఒక్కరే యజమాని ఉండాలి, వాళ్లు దాన్ని ముక్కలుగా అమ్మే వీలుండకూడదు. పార్కు, సోలార్ ప్యానెళ్లు, గోడల్లేని షెడ్లు, వాహనాల డిపో బాగా నప్పుతాయి. గోదాములైనా సరే, గాలి ఆడేలా కడితే. బడి, ఆసుపత్రి, ఇల్లు వద్దు. మనుషులు నిద్రపోయే చోటూ, పిల్లలు రోజంతా ఉండే చోటూ అక్కడ వద్దు.

దానికి డబ్బు కూడా ముందే పక్కన పెట్టించాలి. అమెరికాలో ల్యాండ్‌ఫిల్ మూసేవాళ్లు మామూలుగా 30 ఏళ్ల పాటు దాన్ని చూసుకోవాలి, ఆ ఖర్చుకు సరిపడా ఆర్థిక హామీ చూపించాలి. చెత్త పోసినవాళ్లకు ఉన్న ఈ నియమం దాని మీద కట్టి లాభం తీసుకునేవాళ్లకు ఎందుకు ఉండకూడదు? పర్మిషన్‌కు ముందే ముప్పై ఏళ్ల నిర్వహణ ఖర్చు ఒక నిధిలో జమ కావాలి, బిల్డరు దివాలా తీసినా అది కదలకూడదు. రీడింగులు ఎవరైనా చూసుకునేలా బయట పెట్టాలి. స్థలం ఎన్ని చేతులు మారినా దాని చరిత్ర రిజిస్ట్రేషన్ కాగితాల్లోనే కొనేవాళ్లకు కనిపించాలి.

మా వృత్తిలోనూ మారాల్సింది ఉంది. ఒక సైటులో బోరులోంచి బుడగలు వస్తుంటే గ్యాసు కొలుద్దామన్నాను. 'మీకిచ్చిన పని పునాది రిపోర్టు, గ్యాసు అందులో లేదు' అన్నారు. నేను మీటరు తెచ్చి కొలిచి, వచ్చిన అంకెలను రిపోర్టులో ఒక పేరాగా రాశాను. ఆ పేరా తీసేసి మళ్లీ సంతకం పెట్టమన్నారు. పెట్టలేదు. తర్వాత ఆ పని వేరేవాళ్లకు వెళ్లింది. చెత్త పూడ్చిన నేలలో గ్యాసు కొలవని మట్టి రిపోర్టు చెల్లదని నిబంధన ఉంటే ఇది నా మొండితనం మీద ఆధారపడాల్సిన పని ఉండేది కాదు.

అది వచ్చేదాకా కొనేవాళ్లే అడగాలి. స్థలం పాత ఉపగ్రహ చిత్రాలు చూడండి, చాలావరకు ఇంటర్నెట్లోనే దొరుకుతాయి. గుట్ట కనిపించి తర్వాత మాయమైతే అందులోని చెత్త ఎక్కడికి పోయిందో అడగండి. తవ్వి తీశామంటే అడుగు నేల పరీక్షల రిపోర్టు అడగండి. లోపలే ఉందంటే గ్యాసు ఎన్ని నెలలు కొలిచారు, మెంబ్రేన్ ఎవరు తనిఖీ చేశారు, ఫ్యాన్లకూ సెన్సార్లకూ డబ్బు ఏ ఖాతాలో ఉంది, పాడైతే ఫోన్ ఎత్తేది ఎవరు అని అడిగి రాతపూర్వకంగా తీసుకోండి. కాగితాలు తీయడానికి వారం గడువు కావాలంటే ఇవ్వండి. అలాంటి కాగితాలే లేవంటే అడ్వాన్సు ఇవ్వకండి.